దమ్ము చక్రాల వాదంలో ఇరుసు మాట

కాలువలకు నీళ్లు వదిలిన వారం పది రోజులకు కృష్ణా జిల్లాలో ఏటా ఒక పాత తగాదా మళ్లీ మొదలవుతుంది. ఇనుప పట్టీల చక్రాలతో తారు రోడ్డెక్కిన ట్రాక్టర్లను పోలీసులు, రవాణా శాఖవాళ్లు ఆపుతారు. ఇంజినీర్లు రోడ్డు మీద వరసగా పడిన గాట్లు చూపిస్తారు. రోడ్డెక్కకుండా మడి దాకా బండి ఎలా పోతుందని ట్రాక్టరు యజమానులు ఎదురడుగుతారు. నాట్లు అయిపోగానే గొడవ సద్దుమణిగి, రెండో పంట దాళ్వాకు మళ్లీ లేస్తుంది.

ఈ వాదం మొత్తం చక్రం చుట్టూనే తిరుగుతోంది. చక్రాన్ని మోసే ఇరుసు సంగతి ఎత్తేది విజయవాడ ఆటోనగర్లోనో, ఉయ్యూరు, గుడివాడ రోడ్ల పక్కనో ఉన్న షెడ్డుల్లో మెకానిక్కులు మాత్రమే. అదీ బండి విరిగి వచ్చాక. నిజానికి బురదలో ట్రాక్టరు నడవడానికి చేసే ప్రతి మార్పూ చివరికి ఇరుసు దగ్గరే లెక్క తేల్చుకుంటుంది. చక్రం వెడల్పు చేస్తే ఇరుసు వంగుతుంది. ముందు చక్రాలకూ లాగే శక్తినిస్తే ముందు ఇరుసు లోపలి పళ్ల చక్రాలు నలుగుతాయి. బరువు పెంచితే బేరింగులు పోతాయి, తగ్గిస్తే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. డెల్టాలో ఈ ప్రశ్నకు ఎవరెవరు ఏ జవాబు చెబుతున్నారో, ఆ జవాబుల్లో ఏది ఎక్కడిదాకా నిలుస్తుందో ఒకచోట పెట్టి చూడాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది. ఎందుకంటే ఇరవయ్యేళ్ల కిందట లేని కొత్త రకం ట్రాక్టర్లు కూడా ఇప్పుడు ఈ పోటీలో ఉన్నాయి.

గన్నవరం ఈ పరిశీలనకు మంచి చోటు. ఉత్తరాన నూజివీడు వైపు మామిడి తోటల ఎర్రనేల, మెట్ట. దక్షిణాన ఏలూరు కాలువ కింద నల్లరేగడి మాగాణి. ఒకే ట్రాక్టరు ఉదయం మెట్టలో గొర్రు లాగి, సాయంత్రం మాగాణిలో దమ్ముకు దిగాల్సి రావచ్చు. రెండు నేలలకూ సరిపోయే ఇరుసు అంటూ ఒకటి లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

## దున్నపోతుల కాలం నుంచి

కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఈ రెండింటి మధ్య నూరేళ్లు డెల్టాలో దమ్ము చేసింది దున్నపోతులే. మడిలో నీళ్లు పెట్టి, జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్టను తొక్కించి, నాగలితో కలియదున్ని, బల్ల తోలి చదును చేసేవారు. దమ్ము ఉద్దేశం కలుపు చంపడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మట్టి రేణువుల అల్లికను చెడగొట్టి, నీళ్లు కిందికి ఇంకకుండా మడిలో నిలబెట్టడం అసలు పని. ఏళ్ల తరబడి అలా తొక్కిన నేలలో పైపొర మెత్తని బురద అవుతుంది, జానెడు లోతున గట్టి పొర ఒకటి పేరుకుంటుంది. పశువైనా ట్రాక్టరైనా నిలబడేది ఆ గట్టి పొర మీదే. ఈ సంగతి మరిచిపోతే తర్వాతి వాదాలేవీ అర్థం కావు.

దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఐషర్‌తో మొదలై, 1960లలో టాఫే, ఎస్కార్ట్స్, మహీంద్రా కంపెనీలతో ఊపందుకుంది. ఆ తొలి బండ్లన్నీ యూరప్, అమెరికాల పొడినేలల కోసం గీసిన నమూనాలు. వెనక రెండు చక్రాలే లాగుతాయి, ముందు చక్రాలు దారి చూపడానికి మాత్రమే. అలాంటి బండిని మాగాణిలో దించితే వెనక టైరు పళ్ల మధ్య బురద పట్టేసి, నున్నటి డ్రమ్ములా తిరుగుతుంది. దీనికి డెల్టా కమ్మరి, వెల్డింగు షెడ్డులు కనుక్కున్న జవాబు దమ్ము చక్రం. రెండు మూడు ఇనుప రింగులు, వాటి మీద అడ్డంగా వెల్డింగు చేసిన ఎల్-యాంగిల్ పట్టీలు, మధ్యలో హబ్‌కు బిగించే ప్లేటు. బురద పట్టకుండా రింగుల మధ్య ఖాళీలోంచి జారిపోతుంది. పట్టీ అంచు కింది గట్టి పొరను పట్టుకుని బండిని ముందుకు నెడుతుంది.

## సగం చక్రం, నిండు చక్రం

ఇనుప చక్రం వాళ్లలోనే రెండు దారులున్నాయి. టైరు తీసేసి హబ్‌కు నేరుగా ఇనుప చక్రం బిగించేది నిండు చక్రం. టైరు ఉంచి, దాని బయటి పక్కన ఇంకో ఇనుప చక్రం జోడించేది సగం చక్రం. లోతు మడుల్లో, దిగబడే చోట్ల నిండు చక్రానికి తిరుగులేదని డ్రైవర్లు గట్టిగా నమ్ముతారు. సగం చక్రం వ్యాసం టైరు కన్నా కాస్త తక్కువగా ఉంటే, గట్టి రోడ్డు మీద టైరే నేలను తాకుతుంది, పట్టీలు గాల్లో ఉంటాయి. బురదలో టైరు దిగినప్పుడే ఇనుము పని మొదలుపెడుతుంది. కాబట్టి రోడ్డు కోణంలో చూస్తే సగం చక్రానిదే పైచేయి.

ఇరుసు కోణంలో చూస్తే మాత్రం కథ మారుతుంది.

నలభై, యాభై హార్స్ పవర్ బండ్లకు వెనక సాధారణంగా వేసే 13.6-28 టైరు వెడల్పు సుమారు 34 సెంటీమీటర్లు. ఒక్కో వెనక చక్రం మీద 600 కిలోల బరువు పడుతోందనీ, టైరు మధ్యగీత బయటి బేరింగుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. అప్పుడు ఇరుసును వంచే బలం 60 కిలోగ్రాము-మీటర్లు. ఇప్పుడు టైరు పక్కన అంతే వెడల్పున్న సగం చక్రం బిగించారు. దాని మధ్యగీత బేరింగుకు దాదాపు 45 సెంటీమీటర్ల దూరానికి వెళుతుంది. బరువు సగం టైరు మీద, సగం ఇనుము మీద పడితే వంచే బలం 165కు చేరుతుంది. గట్టు దాటేటప్పుడు టైరు గాల్లోకి లేచి బరువంతా ఇనుప చక్రం మీదే పడిన ఆ క్షణంలో అది 270. మొదటి లెక్కకు నాలుగున్నర రెట్లు. ఇది నిలబడి ఉన్న బండి లెక్క. గట్టు దిగేటప్పుడు పడే దెబ్బ ఇందులో లేదు.

నిండు చక్రం వెడల్పుగానే ఉన్నా, దాన్ని హబ్‌కు రెండు పక్కలా సమంగా తయారు చేస్తే మధ్యగీత పాతచోటే ఉంటుంది, ఇరుసు బతుకుతుంది. అంటే రోడ్డుకు మేలు చేసే చక్రం ఇరుసుకు చేటు, ఇరుసుకు మేలు చేసేది రోడ్డుకు చేటు. సగం చక్రం వాళ్లు, నిండు చక్రం వాళ్లు ఒకరినొకరు మొండివాళ్లనుకోవడానికి మూలం ఈ ఎదురుబదురు లెక్కే.

దెబ్బ ఎక్కడ తగులుతుందో షెడ్డులో చూస్తే తెలుస్తుంది. ముందు హబ్ బోల్టులు సాగి, వాటి రంధ్రాలు కోలగా మారతాయి. తర్వాత ఇరుసును కప్పి ఉంచే ట్రంపెట్ హౌసింగ్ చివర ఆయిల్ సీల్ పోతుంది. సీల్ పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: తుంగ, జంబు, ఎండుగడ్డి హబ్ చుట్టూ తాడులా పేనుకుని సీల్ పెదవిని కోసేస్తాయి. అక్కడినుంచి బురదనీళ్లు లోపలికి పోతాయి. డ్రెయిన్ బోల్టు విప్పితే గేర్ ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో జారుతుంది. ఆ రంగు కనిపించిందంటే బేరింగు రోలర్ల మీద సన్నటి ఇసుక గీతలు కూడా కనిపిస్తాయి. చక్రాన్ని తిప్పే ఇరుసు కడ్డీ, అంటే హాఫ్ షాఫ్ట్, విరగడం చివరి అంకం. విరిగిన ముఖం మీద ఒక పక్క నున్నగా, గుల్ల చారల్లా ఉండి, మిగతా భాగం గరుకుగా ఉంటే అది ఒక్క దెబ్బకు విరిగింది కాదని, చాలా రోజులుగా పగులు పాకుతూ వచ్చిందని మెకానిక్కు ఇట్టే చెప్పేస్తాడు. డ్రైవరు మాత్రం విరిగిన రోజు దున్నిన మడినే తిట్టుకుంటాడు.

ఇక్కడ అన్ని ట్రాక్టర్లనూ ఒక గాటన కట్టకూడదు. పాత నమూనాల్లో చాలావాటిలో చివరి వేగ తగ్గింపు హౌసింగ్ లోపల, మధ్యకు దగ్గరగా ఉండే బుల్ గేరుతో జరుగుతుంది. అక్కడినుంచి చక్రం దాకా పొడుగాటి షాఫ్ట్ మొత్తం పూర్తి మెలి బలాన్ని మోస్తుంది. జాన్ డీర్ 5000 శ్రేణి లాంటి బండ్లలో ఈ తగ్గింపు ప్లానెటరీ గేర్లతో జరుగుతుంది. అక్కడ బలం మూడు గేర్ల మీద పంచుకుంటుంది కాబట్టి పళ్లు విరగడం తక్కువ. కానీ పక్కకు జరిపిన బరువు వల్ల వచ్చే వంపును ప్లానెటరీ కూడా తప్పించలేదు. మెలి వేరు, వంపు వేరు. అమ్మకాల కరపత్రాల్లో కనిపించే ఇరుసు బలం మాటలు ఎక్కువగా మొదటిదాని గురించే ఉంటాయి.

## నాలుగు చక్రాలూ లాగాలనేవాళ్లు

రెండో పక్షం వాదం సూటిగా ఉంటుంది: ఉన్న ఇరుసుకు ఇనుము తగిలించే బదులు బండినే మార్చండి. కుబోటా 2008లో చెన్నై కేంద్రంగా భారత్‌కు వచ్చాక ఈ వాదానికి బలం పెరిగింది. వరి దేశం నుంచి వచ్చిన కంపెనీ కాబట్టి దాని బండ్లు తేలిక. ఎల్4508 నమూనా 45 హార్స్ పవర్, బరువు 1,365 కిలోలు, నాలుగు చక్రాలూ లాగుతాయి. వెనక రెండు చక్రాలే లాగే అదే శక్తిగల మామూలు ట్రాక్టర్లు 1,800 నుంచి 2,000 కిలోల దాకా తూగుతాయి. తర్వాత మిగతా కంపెనీలూ దమ్ముకు పనికొచ్చే తేలికపాటి ఫోర్ వీల్ బండ్లతో దిగాయి.

ఈ బండ్ల ముందు ఇరుసు కాస్త ఆగి చూడదగ్గది. అడ్డంగా వచ్చే షాఫ్ట్ చక్రం దాకా వెళ్లి బెవెల్ గేరు ద్వారా కిందికి తిరుగుతుంది. అక్కడ నిలువు షాఫ్ట్, దాని కింద ఇంకో బెవెల్ జత, ఆ తర్వాత హబ్. మొత్తం ఒక మూసిన పెట్టెలో నూనెలో మునిగి ఉంటుంది. దీనివల్ల రెండు లాభాలు. ఇరుసు గొట్టం చక్రం మధ్యకన్నా పైన ఉంటుంది కాబట్టి బురదలో ఈడ్చుకుపోదు. బయటికి కనిపించే క్రాస్ జాయింట్లు లేవు కాబట్టి గడ్డి చుట్టుకోదు, చక్రం చాలా మలుపు తిరుగుతుంది. గట్టు పక్కన తక్కువ చోటులో బండి తిప్పాల్సిన వరి రైతుకు ఆ మలుపు చిన్న విషయం కాదు.

అభ్యంతరాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. సీల్ పోయి నీళ్లు దిగితే ఆ పెట్టె విప్పి సరిచేయడం సందులో లేత్ షెడ్డు పని కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది తక్కువమంది గమనించేది: ఫోర్ వీల్ బండిలో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా కొద్ది శాతం వేగంగా తిరిగేలా గేర్ల లెక్క ఉంటుంది. ముందు ఇరుసు ఎప్పుడూ బండిని లాగుతూనే ఉండాలని, వెనక నుంచి నెట్టించుకోకూడదని ఆ ఏర్పాటు. ఆ లెక్క కంపెనీ ఇచ్చిన టైర్ల కొలతల మీద ఆధారపడి ఉంటుంది. వెనక మాత్రమే వేరే వ్యాసం గల ఇనుప చక్రం బిగిస్తే లెక్క తప్పుతుంది. చక్రం పెద్దదైతే ముందు ఇరుసు బ్రేకులా వెనక్కి లాగుతుంది, చిన్నదైతే అవసరానికి మించి ముందుకు గుంజుతుంది. బురదలో చక్రాలు జారి ఆ తేడాను కప్పేస్తాయి. గట్టి నేలమీద ఫోర్ వీల్ లివరు తీయడం మరిచిపోతే ఆ బలమంతా బెవెల్ పళ్ల మీదికి వెళుతుంది. కొత్త బండి కొని పాత చక్రం తగిలించేవాళ్లు రెండు పక్షాల లాభాలూ దక్కుతాయనుకుంటారు. చాలాసార్లు రెండింటి నష్టాలే చేతికి వస్తాయి.

రోటవేటరు ఈ పోటీలోకి పక్కదారిన వచ్చింది. దాని కత్తులు ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టు శక్తితో తిరిగి మట్టిని కోస్తూ బండిని ముందుకు నెడతాయి, అందువల్ల చక్రం లాగాల్సిన పని తగ్గుతుంది. నాగలిని ఈడ్చే రోజుల్లో అవసరమైనంత పట్టు రోటవేటరుతో దమ్ము చేసేవాళ్లకు అక్కర్లేదు. అయినా నిండు చక్రాల వాడకం ఆగలేదు. ఎందుకంటే ఇప్పుడు చక్రం పని లాగడం కన్నా దిగబడకుండా తేల్చడం. ఆ పనికి ఎత్తయిన పట్టీల కన్నా వెడల్పు ముఖ్యం. షెడ్డులో చక్రం చేయించుకునేవాళ్లు ఈ తేడాను అడగడం లేదు, అలవాటైన పాత కొలతనే చేయించుకుంటున్నారు.

## బొమ్మ బండ్ల దగ్గర అదే తగాదా

ఇదే వాదాన్ని చాలా చిన్న కొలతలో, చాలా వేగంగా నడుపుకుంటున్నవాళ్లు ఇంకొకరున్నారు. రిమోట్‌తో రాళ్ల మీద ఎక్కించే రాక్ క్రాలర్ బొమ్మ బండ్ల అభిమానులు. 1987లో టమియా తెచ్చిన క్లాడ్ బస్టర్‌కు ఒక్కో ఇరుసు మీద ఒక్కో మోటారు ఉండేది. తొలితరం క్రాలర్లను చాలామంది దాని ఇరుసులతోనే కట్టుకున్నారు. తర్వాత ఆక్సియల్, ట్రాక్సస్ లాంటి కంపెనీలు దీన్ని పెద్ద వ్యాపారం చేశాయి. ఆ బండ్లకు జనం తరచూ మార్చేవాటిలో ఇరుసు భాగాలు ఉంటాయి.

వాళ్ల మార్పులను డెల్టా ట్రాక్టరు పక్కన పెట్టి చూస్తే పోలిక ఆశ్చర్యపరుస్తుంది. చక్రాన్ని పక్కకు జరిపే వెడల్పు హబ్‌లు వేస్తే బండి బోల్తా పడదు, కానీ స్టబ్ షాఫ్ట్ విరుగుతుంది. సగం చక్రం సమస్య అదే. ముందు ఇరుసులో గేర్లు మార్చి వెనక కన్నా వేగంగా తిప్పడం వాళ్లకు మామూలు, దానికి ఓవర్‌డ్రైవ్ అని పేరు. ఫోర్ వీల్ ట్రాక్టరులో కంపెనీ పెట్టే కొద్ది శాతం తేడాను వాళ్లు కావాలనే పెంచుకుంటారు. ఇరుసు చివర ఇత్తడి నకిల్స్, ఇత్తడి మూతలు బిగించి బరువును కిందికి, ముందుకు తెస్తారు. ట్రాక్టరు ముక్కు మీద పెట్టే బంపర్ వెయిట్ల పని కూడా ఇదే.

2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 పోర్టల్ ఇరుసులతో, రిమోట్ మీటతో కలిపి విడదీయగల డిఫరెన్షియల్ లాకులతో వచ్చింది. పోర్టల్ అంటే చక్రం దగ్గర ఒక గేరు జతతో ఇరుసును చక్రం మధ్యకన్నా పైకి ఎత్తడం. ఆ జతే చివరి వేగ తగ్గింపు కూడా చేస్తుంది కాబట్టి లోపలి షాఫ్టుకు మెలి భారం తగ్గుతుంది. ఈ ఆలోచనకు పెద్ద బండ్లలో పేరు తెచ్చింది యూనిమోగ్. జర్మనీలో ఆల్బర్ట్ ఫ్రీడ్రిక్ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దాన్ని రూపొందించాడు. 1948లో ఉత్పత్తి మొదలైంది. అది సైన్యపు బండిగానో, సాహస క్రీడల బండిగానో పుట్టలేదు. పొలం బండిగా పుట్టింది. రెండు బంగాళదుంప సాళ్లకు సరిపోయేలా దాని చక్రాల మధ్య దూరం 1,270 మిల్లీమీటర్లు పెట్టారు. బొమ్మ బండ్లవాళ్లు గొప్పగా చెప్పుకునే పోర్టల్ ఇరుసుకు వంశవృక్షం గీస్తే వేరు పొలంలో తేలుతుంది.

బొమ్మ బండి అనుభవం రైతుకు పనికొచ్చే చోటు ఒకటుంది, పనికిరాని చోటు ఒకటుంది. ఏ భాగం బలపరిస్తే విరుపు ఏ భాగానికి జరుగుతుందో వాళ్లు ఒక్క సాయంత్రంలో చూసేస్తారు. ఉక్కు షాఫ్ట్ వేస్తే క్రౌన్ వీల్ పళ్లు పోతాయి, అవి మారిస్తే హౌసింగ్ పగులుతుంది. ట్రాక్టరులో అదే పాఠం రావడానికి ఐదారు సీజన్లు పట్టవచ్చు. మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ విషయంలో మాత్రం వాళ్ల దారి ఇక్కడ నడవదు. క్రాలర్లలో చాలావాటికి రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా శాశ్వతంగా లాక్ వేసేస్తారు. మలుపులో టైరు రాపిడికి అరిగితే అరుగుతుంది. ట్రాక్టరుకు లాక్ పెడల్ తిన్నగా పోయేటప్పుడు తొక్కడానికే. గట్టు దగ్గర దాన్ని వదలకుండా, ఒక పక్క బ్రేకు తొక్కి తిప్పబోతే ఇరుసు రెండు చివర్లూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పట్టీల చక్రాలకు జారే గుణం తక్కువ కాబట్టి ఆ పోట్లాటలో ఓడేది షాఫ్టే.

## బరువు ఎక్కడ ఉండాలి

మెట్టలో బరువు మంచిది. టైరులో మూడొంతుల దాకా నీళ్లు నింపుతారు, డిస్కుకు పోత ఇనుము బిళ్లలు బిగిస్తారు. మాగాణిలో అదే బరువు బండిని ముంచుతుంది. పైగా కింది గట్టి పొర ఒక్కసారి చీలితే ఆ మడిలో ఆ తర్వాత ఏ బండైనా దిగబడుతుంది. కోతకు వచ్చే చైన్ మిషన్ల మీద కూడా డెల్టాలో ఇదే విమర్శ, ఇదే సమర్థన. గొలుసు పట్టా బరువును పరుస్తుంది నిజమే, కానీ మలుపు దగ్గర నేలను పెకలిస్తుంది. వరి కోతకు ముందే మినుము చల్లే అలవాటున్న చోట్ల ఆ గుంతలు తర్వాతి పంట మొలకను కూడా దెబ్బతీస్తాయి.

బరువు ప్రశ్నకు ప్రాణాలతో ముడిపడిన పార్శ్వం ఒకటుంది. దానికి ఈ చర్చలో దక్కుతున్న చోటు చాలా తక్కువ. వెనక చక్రం కదలకుండా బిగుసుకుపోయినప్పుడు ఇంజను బలం ఇరుసును తిప్పలేక బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేస్తాయి, క్షణాల్లో ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. దిగబడిన బండిని బయటికి తేవడానికి చక్రానికి దుంగ కట్టి గేరు వేయడం ఊళ్లలో అందరికీ తెలిసిన చిట్కా. అత్యంత ప్రమాదకరమైన చిట్కా కూడా అదే. దమ్ము చక్రం పట్టు ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. బురదలో బోర్లాపడిన ట్రాక్టరు కింద డ్రైవరుకు ఊపిరి అందే వ్యవధి కూడా ఉండదు. ఈ ఒక్క విషయంలో ఫోర్ వీల్ పక్షానిదే స్పష్టమైన పైచేయి: ముందు ఇరుసు మీద గేర్ల బరువు ఉంటుంది, లాగే పని రెండు ఇరుసులూ పంచుకుంటాయి. పట్టు గురించి గంటలు వాదించే రెండు పక్షాలూ దీన్ని ముందు పెట్టకపోవడం విడ్డూరం.

## రోడ్డు, చట్టం

గ్రామీణ రోడ్లలో చాలావాటి మీద తారు కలిపిన పైపొర మందం 20 మిల్లీమీటర్లు. కింద కంకర, దాని కింద తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే రేగడి. నిండు చక్రాల ట్రాక్టరు బరువు ఆ పొర మీద ఒకటి రెండు పట్టీల అంచుల ద్వారానే దిగుతుంది. గాటు పైపొరను దాటి కంకరను తాకితే వానాకాలపు నీళ్లకు దారి దొరికినట్టే. ఇంజినీర్ల ఫిర్యాదులో అతిశయం లేదు.

చట్టం వైపు చూస్తే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అయితే సీజనులో నాలుగు వారాలు బిగించి విప్పేసే చక్రం మార్పు కిందికి వస్తుందా, నాగలి లాంటి పనిముట్టు కిందికి వస్తుందా? యజమానులు రెండోదే అంటారు. మడిలో ఉన్నంతసేపు ఆ వాదన నిలుస్తుంది. రోడ్డెక్కాక పనిముట్టే బండిని మోస్తోంది కదా అన్న ఎదురు ప్రశ్నకు వాళ్ల దగ్గర సరైన జవాబు లేదు.

మధ్యేమార్గాలు నాలుగు ఉన్నాయి. నిండు చక్రాల బండిని ట్రాలీ మీద ఎక్కించి మడి దాకా తేవడం అన్నిటికన్నా శుభ్రమైనది, ఎకరాకు ఇంత అని కిరాయికి తిరిగేవాడికి అది అదనపు ఖర్చు, అదనపు బండి. పట్టీల మీద తొడిగే ఇనుప రింగులు రోడ్డును కాపాడతాయి. వాటిని తొడగడానికి, తీయడానికి పట్టే సమయం కిరాయి లెక్కలో ఎవరూ కట్టివ్వరు. టైర్లతో వచ్చి గట్టు దగ్గర చక్రం మార్చుకోవాలంటే జాకీ ఆనించడానికి గట్టి నేల, ఇద్దరు మనుషులు కావాలి. మామూలు టైరు పళ్లకన్నా దాదాపు రెట్టింపు లోతు పళ్లుండే ఆర్-2 రకం వరి టైర్లు చివరి దారి. రోడ్డు మీద అవి తొందరగా అరుగుతాయి, ఇనుమంత పట్టూ ఇవ్వవు, కానీ అదనపు బండి, చక్రం మార్పిడి లేకుండా ఇరుసుకు, తారుకు ఒకేసారి ఊరటనిచ్చేది ఈ జాబితాలో అవి ఒక్కటే. ఫోర్ వీల్ బండికి నాలుగు వైపులా కంపెనీ కొలత ప్రకారమే వరి టైర్లు వేస్తే గేర్ల లెక్కా తప్పదు. మెట్టా మాగాణీ రెండూ దున్నే గన్నవరం లాంటి చోట ఈ జోడీకి మంచి బలం ఉంది. నడుము లోతు దిగబడే పల్లపు మడులున్న చోట, సముద్రం వైపు, ఇనుము లేకుండా గడవదు.

## తేలనివి

కొత్త ట్రాక్టర్లకు మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ పరీక్షలు చేస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ దక్షిణ ప్రాంత యంత్ర పరీక్షా కేంద్రం ఉంది. దమ్ములో నడిపాక సీళ్లు నిలిచాయా, లోపలికి బురద చేరిందా అని ట్రాక్టరు పరీక్షల్లో విప్పి చూస్తారు. కానీ పొలంలో ఆ బండికి బిగిసేది ఊరి షెడ్డులో వెల్డింగు చేసిన చక్రం. ఎంత వెడల్పు, ఎంత బరువు, హబ్ నుంచి ఎంత దూరం అన్నది షెడ్డు యజమాని అంచనా. బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగు కాలేజీ ఈ డెల్టాలోనే, మార్టేరు వరి పరిశోధనా కేంద్రం పక్కనున్న గోదావరి డెల్టాలో ఉన్నాయి. ఫలానా ఇరుసుకు ఇంతకు మించి పక్కకు జరపొద్దని ఒక కాగితం మీద కొలత రాసి ప్రతి షెడ్డు గోడకూ అంటించేలా చేస్తే సగం తగాదా తీరుతుంది. ఆ పని పెద్ద పరిశోధన కూడా కాదు.

అసలు దమ్మే వద్దనే మూడో పక్షం ఇంకా మిగిలింది. కాలువ నీళ్లు ఆలస్యమైన సంవత్సరాల్లో పొడి దుక్కిలో విత్తనం వెదజల్లే పద్ధతి కృష్ణా డెల్టాలో పెరిగింది. ఆ పొలంలో ట్రాక్టరు మామూలు టైర్లతోనే నడుస్తుంది. ఇనుప చక్రం, ఫోర్ వీల్ ఇరుసు, ట్రాలీ అన్న ప్రశ్నలే రావు. ఎదురు నష్టం కలుపు. దమ్ము చేసిన మడిలో నీటి కింద అణగిపోయే గడ్డి వెద చేలో పంటతో పాటే లేస్తుంది, మందుల ఖర్చు పెరుగుతుంది. నీళ్లు నిలవని పొలంలో తడుల లెక్క కూడా వేరు. ఈ లెక్క ఎటు తేలుతుందో కాలువ నీళ్లు ఏ నెలలో వస్తాయన్న దాని మీద, కలుపు మందు ధర మీద ఆధారపడి ఉంది.

ఇక డబ్బు సంగతి. కౌలు రైతు ఎకరాకు ఇంత అని కిరాయి ఇస్తాడు, బురద ఎంత లోతైనా రేటు ఒకటే. హాఫ్ షాఫ్ట్ విరిగితే ఖర్చు ట్రాక్టరు యజమానిది, తారు లేస్తే పంచాయతీది. దమ్ము లోతుగా కావాలని పట్టుబట్టేది యజమానీ కాదు, పంచాయతీ కాదు. లోతు మడికి వేరే రేటు అడిగే యజమానులు కొన్నిచోట్ల ఉన్నారు గానీ, పక్క ఊరి బండి పాత రేటుకే వస్తానన్నప్పుడు ఆ బేరం నిలవడం లేదు.